చేట వెనక గవ్వలు

పోయిన ఆదివారం మధ్యాహ్నం, శేరిలింగంపల్లి అవతల ఫ్యాక్టరీ క్వార్టర్లలో, డ్రాఫ్ట్స్‌మన్ యజ్ఞనారాయణ ఇంటి ముందుగదిలో, బల్ల మీద పరిచిన పటంలోని రాక్షసి కోటలో సాయన్న చచ్చిపోయాడు. రాక్షసి విసిరిన బల్లెం చంపిందని బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురూ అనుకున్నారు. చంపింది తన నోరేనని యజ్ఞనారాయణకు తెలుసు. ఆ సంగతి ఇంట్లో ఇంకొకరికి కూడా తెలుసునని మాత్రం అతనికి ఈ ఆదివారం పొద్దున దాకా తెలియదు.

ఈ వారమే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్లు కంగారు పడకండి. సాయన్న రక్తమాంసాలున్న మనిషి కాడు, ఆటలో మనిషి. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, ఫ్యాక్టరీలో యంత్రం బిగించడానికి వచ్చిన దొర ఒకాయన తిరిగి వెళ్తూ గెస్టుహౌసులో ఒక పలచటి ఇంగ్లీషు పుస్తకం వదిలేసి పోయాడు. చెత్తబుట్టలోకి పోవలసిన దాన్ని యజ్ఞనారాయణ ఇంటికి తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాడు. ఒకడు కథ చెబుతూ ఉంటాడు. మిగతావాళ్లు తలా ఒక వీరుణ్ణి తీసుకుని ఆ కథలో నడుస్తారు, కొట్లాడతారు, గెలుస్తారు, ఖర్మ కాలితే చస్తారు. సగం అర్థమైంది. అర్థం కాని సగానికి తనే నియమాలు రాశాడు. దొరల ఆటకు ఇరవై ముఖాల పాచికలు కావాలట. అవి లింగంపల్లిలో కాదు కదా, కోఠీ అంతా గాలించినా దొరకలేదు. వాటి బదులు పుణ్యవతి పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆరు గవ్వలు వచ్చాయి. వెల్లకిల పడినవి ఎన్నో, అంత లెక్క. కథ చెప్పేవాడు తన వంతు గవ్వలు చాటుగా వెయ్యాలని పుస్తకంలో ఉంది కాబట్టి అడ్డానికి వంటింట్లోంచి చేట వచ్చింది.

ఆ నియమాలన్నీ ట్రేసింగు కాగితం మీద, నల్లసిరాతో, స్టెన్సిల్ పెట్టి రాసి, పైన "ఇంటి నియమాలు" అని మకుటం కట్టి గోడకు అంటించాడు యజ్ఞనారాయణ. తణుకు నుంచి మొదటిసారి వచ్చిన అత్తగారు, అల్లుడు తన కూతురికి విధించిన నియమాలు కాబోలనుకుని కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదివింది. "చచ్చినవాడు తిరిగి రాడు" అన్న చోట ఆగి, గోడకు దణ్ణం పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో ఎవరూ అడగలేదు.

అందులో మూడు మనకు ఈ వారం కావాలి. చేట వెనక పడ్డ గవ్వల్ని ఎవరూ చూడరాదు, చెప్పేవాడి మాటే గవ్వ. ఇది ఒకటి. చచ్చినవాడు తిరిగి రాడు, వాడి ఆస్తి ఆ వేళ వాడి పక్కన నిలబడ్డవాడికి పోతుంది. ఇది రెండోది. ఇక మూడోది యజ్ఞనారాయణ నవ్వులాటకి రాసింది. ఎవరి వీరుడు చచ్చిపోతే వాళ్లు వచ్చే ఆదివారం అందరికీ నోరు తీపి చేసి, పోయినవాడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి.

పోయినవారం రాక్షసి కోట సొరంగంలో ముందు నడిచింది రణధీరవర్మ. వెనక దీపం పట్టుకుని నడిచింది సాయన్న. "గవ్వలు మూడు గానీ, అంతకు మించి గానీ పడితే బల్లెం ముందువాడికి. తక్కువ పడితే వెనకవాడికి," అని యజ్ఞనారాయణే ముందుగా చెప్పి చేట వెనక గవ్వలు వేశాడు. ఐదు పడ్డాయి. తలెత్తి చూశాడు. రణధీరవర్మ తాలూకు మనిషి కామేశ్వరరావుగారు, డ్రాయింగ్ ఆఫీసుకు అధికారి, పైపంచె కొంగు గుప్పిట్లో పట్టుకుని పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లాడిలా కూర్చున్నారు. ఆయన పక్కన సాయన్న తాలూకు మనిషి, ఫ్యాక్టరీలో బరువులు మోసే ఖలాసీ బాలనర్సయ్య, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"రెండు," అన్నాడు యజ్ఞనారాయణ.

ఇదీ జరిగింది. ఇక ఈ ఆదివారం పొద్దున్నకు వద్దాం.

బయట శ్రావణమాసపు ముసురు. పుణ్యవతి వసారాలో పీట వేసుకుని, అదే చేటతో బియ్యం చెరుగుతోంది. యజ్ఞనారాయణ గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతున్నాడు.

"ఐదు," అంది పుణ్యవతి, చేట దించకుండానే.

"ఏమిటి ఐదు?"

"పోయినవారం. ఐదు వెల్లకిల పడ్డాయి, ఒకటి బోర్లా పడింది. నేను మీ వెనకే కాఫీగ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. మీరు రెండన్నారు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు యజ్ఞనారాయణ చెయ్యి తనంతట తానే చొక్కా గుండీల మీదికి పోయింది. "చూడకూడదని నియమం ఉందిగా," అన్నాడు. ఆ మాట అన్న మరుక్షణం తనకే అసహ్యం వేసింది.

"ఆట ఆడేవాళ్లకండీ ఆ నియమం. కాఫీ తెచ్చేవాళ్లకి కాదు."

"ఆటే కదా, పుణ్యం."

"ఆటే. నేను కాదన్నానా? ఆటలో కూడా ఆఫీసరుగారంటే బెదరాలా అని అడుగుతున్నాను."

అతను కాఫీ గ్లాసులోకి చూశాడు. "ఈ నెలలోనే ఆయన ప్రమోషన్ల రిపోర్టులు రాస్తున్నారు. సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ ఖాళీ ఒక్కటే ఉంది. ఆరేళ్లు నాన్చారు."

"ఆయన అడిగారా, నా రాజును బతికించు అని?"

"లేదు."

"పోనీ కనుసైగ చేశారా?"

"అబ్బే, ఆయనకి ఆ ధ్యాసే లేదు."

"అయితే ఎవరూ అడక్కుండానే మీరు పెట్టుకున్న నైవేద్యమన్నమాట." పుణ్యవతి చేట ఒక్కసారి ఎగరేసి దించింది. ఊకంతా ముందుకు పోయి నేల మీద పడింది. "ఆ నర్సయ్య పోయినవారం వెళ్లేటప్పుడు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, 'అక్కా, మావోడు పోయిండు' అని చెప్పి మరీ వెళ్లాడు. నాకు అతని మొహం చూడ్డానికి సిగ్గేసింది. సిగ్గుపడాల్సింది నేను కాదే అనుకున్నాను."

ఆ మాటతో యజ్ఞనారాయణకు తల కొట్టేసినట్టయింది. పెళ్లై తొమ్మిదేళ్లు. పుణ్యవతి అతన్ని కసురుకుంది, అలిగింది, నాలుగు రోజులు మాటలు మానేసింది. కానీ అతన్ని చూసి ఆవిడ సిగ్గుపడటం ఇదే మొదలు. వారం రోజులుగా తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరుగుతున్నవాడికి, కుట్టిన చోటు మీద ఆవిడ వేలు పెట్టి మరీ నొక్కింది.

స్నానం చేస్తూ అతను తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. తప్పు చెయ్యని మనిషి ఉంటాడా? పైగా ఈ చేట వెనక తను చెప్పిన అబద్ధం ఇదొక్కటే కాదు. మూడు నెలల కిందట ఇంకొకటి చెప్పాడు. అది మంచి అబద్ధం. పటంలో చెరువు కింద ఏడెకరాల పొలం ఉంది. దాన్ని కాసే యక్షుడితో సాయన్న పందెం కాశాడు. ఐదు పడితే పొలం సాయన్నది. చేట వెనక ఒక్కటంటే ఒక్కటే పడింది. బాలనర్సయ్య పటంలో ఆ పొలం వైపు ఎలా చూస్తున్నాడో చూసి యజ్ఞనారాయణకు నోరు రాలేదు. "ఐదు" అనేశాడు. బాలనర్సయ్య ముప్ఫై ఆరేళ్ల మనిషి, కుర్చీ మీంచి లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. ఆ అబద్ధం గుర్తొస్తే యజ్ఞనారాయణకు ఇప్పటికీ తను దేవుడంతవాడినైనట్టు ఉంటుంది. ఒకసారి ఇచ్చాడు, ఒకసారి తీసుకున్నాడు. చెల్లుకు చెల్లు అనుకుంటూ నెత్తిన నీళ్లు పోసుకున్నాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి, మనసు మాత్రం చల్లబడలేదు.

అసలు బాలనర్సయ్య ఈ ఆటలోకి వచ్చిందే చెరువు వల్ల. కిందటేడు డ్రాయింగ్ ఆఫీసులోకి కొత్త బల్ల మోసుకొచ్చిన ఖలాసీల్లో అతనొకడు. మూలన పరిచి ఉన్న పటం చూసి, "సారూ, గీ చెర్వుకు తూమేది?" అన్నాడు. కట్ట గీశాడు గానీ నీళ్లు పొలాలకు వదిలే తూము గియ్యడం యజ్ఞనారాయణ మరిచిపోయాడు. "తూము లేకుంటే కింద పొలం ఎట్ల పారుతది?" అని నవ్వి, వేలితో చోటు చూపించాడు. ఆ వేలు పెట్టిన చోట యజ్ఞనారాయణ తూము గీసి, వచ్చే ఆదివారం ఇంటికి రమ్మన్నాడు.

భోజనాలయ్యే వేళకు అతనికి ఒక ఉపాయం తట్టింది. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. చిన్న ట్రేసింగు ముక్క తీసుకుని కొత్త నియమం రాశాడు. "చచ్చిన ఎనిమిది రోజుల్లోగా సంజీవని ఆకు దొరికితే చచ్చినవాడు లేచును." స్టెన్సిల్ పెట్టి, ఎంతో శ్రద్ధగా, అక్షరం వంకర పోకుండా రాశాడు. పుణ్యవతి అటుగా వెళ్తూ చదివి, వంటింట్లోకి పోయింది.

మూడు గంటలకు కామేశ్వరరావుగారు గొడుగు ముడుచుకుంటూ వచ్చారు. ఆయన వెనకే వీరలక్ష్మి టీచరు. ఫ్యాక్టరీ బడిలో లెక్కలు చెబుతుంది, ఆటలో మంత్రగత్తె, గోడ మీది నియమాలు అప్పజెప్పడంలో ఆవిడను మించినవాళ్లు లేరు.

"ఏమయ్యా యజ్ఞం, వారమంతా నాకు నిద్ర లేదనుకో," అన్నారు కామేశ్వరరావుగారు కూర్చుంటూ. "వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు మా రణధీరుడు! రెండు పడ్డాయి కాబట్టి సరిపోయింది. ఇంకొక్క గవ్వ వెల్లకిల పడితే నేను వేషం విప్పేసి ఇంటికి పోవలసిందేగా!"

యజ్ఞనారాయణ పటం సర్దుతున్నట్టు వంగాడు. ఈ పెద్దమనిషికి ఏ పాపమూ తెలియదు. ఆఫీసులో ఫైళ్ల మీద సంతకం పెట్టే మనిషి, ఇక్కడ కాగితపు రాజు బతికాడని వారం రోజులుగా పండగ చేసుకుంటున్నాడు. ఆయనే ఓ దుర్మార్గుడైనా బాగుండునని యజ్ఞనారాయణకు అనిపించింది.

బాలనర్సయ్య అందరికంటే ఆఖర్న వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా, తల నున్నగా దువ్వి, చేతిలో గుడ్డ కట్టిన ఇత్తడి గిన్నె. చెప్పులు బయట విడిచి, గిన్నె బల్ల మీద పటానికి తగలకుండా ఒక వారగా పెట్టి గుడ్డ విప్పాడు. నెయ్యి వాసన, బెల్లం వాసన గదంతా కమ్ముకుంది. గుండ్రంగా చేసిన మలీద ముద్దలు.

"నీలమ్మ పొద్దుగాల్నే లేసి రొట్టెలు జేసి, దంచి, ముద్దలు కట్టింది," అన్నాడు. "నియమముండె గద సారు. నోరు తీపి జెయ్యాలె, నాలుగు మాటలు జెప్పాలె అని."

యజ్ఞనారాయణ గోడ మీది కాగితం వైపు చూశాడు. నవ్వులాటకి రాసిన నియమం. తను రాసిన మాటను ఇంతగా నమ్మిన మనిషి తన జన్మలో ఇంకొకడు తగల్లేదు.

"ఎందుకయ్యా నర్సయ్యా ఈ శ్రమంతా," అన్నారు కామేశ్వరరావుగారు, అప్పటికే ఒక ముద్ద నోట్లో వేసుకుని. "బ్రహ్మాండంగా ఉన్నాయి. మీ ఆవిడకి చెప్పు."

వీరలక్ష్మి టీచరు ఒకటి తీసుకుంది. పుణ్యవతి వంటింటి గుమ్మంలోంచి వచ్చి తనూ ఒకటి తీసుకుని, అక్కడే గోడకు ఆనుకుని నిలబడింది. యజ్ఞనారాయణ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

బాలనర్సయ్య నిలబడ్డాడు. సభలో మాట్లాడేవాడిలా చేతులు ముందుకు కట్టుకున్నాడు.

"సాయన్న అంటే మా నాయిన పేరు," అన్నాడు. "మీకు జెప్పలే. నవ్వుతరేమో అనుకున్న. మా నాయినకు చెర్వు కింద ఏడెకరాలుండె. గిప్పుడు మనం గూసున్న కాడికెల్లి గా నీళ్ల ట్యాంకు దాక మాదే. ఫ్యాక్టరీకి వోయింది. నాకు నౌకరిచ్చిన్రు, మంచిగనే ఉన్న, నేను కాదన. కని మా నాయిన పొద్దుగాల లేసి గేటు కాడికొచ్చి నిలవడేటోడు. వాచ్‌మన్ జరుగు ముసలోడా అంటే జర జరిగేటోడు. మల్ల నిలవడేటోడు. గట్ల రెండేండ్లు నిలవడి పోయిండు."

గదిలో ఎవరూ నమలడం లేదు. కిటికీ చూరు మీంచి నీళ్లు కారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"గీ ఆటల చెర్వు జూసిన. తూము నేనే పెట్టిచ్చిన. మూడు నెల్ల కింద గవ్వలు ఐదు వడ్డయి, మా సాయన్నకు ఏడెకరాలొచ్చె. ఇంటికి వోయి నీలమ్మకు జెప్పిన, నాయిన పొలం తిరిగొచ్చిందే అని. పిచ్చోడివా అని నవ్వింది. నవ్వి, అటు తిరిగి కండ్లు తుడ్సుకుంది. సచ్చి ఏ లోకంల ఉన్నడో, గవ్వలు ఆయన దిక్కు తిరిగినయంటే మంచిగనిపిచ్చింది సారు. గంతే."

గిన్నె మీంచి తీసిన గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"పోయిన ఐతారం సచ్చిపోయిండు. నాకు ఫికర్ లేదు. అప్పుడు భూమి ఎట్ల వోయిందో మాకెవ్వరు జెప్పలే. ఏ ఆఫీసుల, ఏ కాయితం మీద, ఎవరు రాసిన్రో ఎరుక లేదు. ఈడ గవ్వలతోని వోయింది. గవ్వలకు మా మీద పగ లేదు, సారుకు లేదు. నేను జూసిన జాగలల్ల అన్యాయం లేని జాగ గీ చేట ఎనక ఒక్కటే. మా నాయిన న్యాయంగ పోయిండు. గదే నేను జెప్పే మంచిమాట."

కూర్చున్నాడు. గిన్నె యజ్ఞనారాయణ వైపు జరిపి, "తినుండ్రి సారు," అన్నాడు.

మనిషి సిగ్గుతో చావడమంటే మాటవరసకి అనే మాటనుకునేవాడు యజ్ఞనారాయణ. చెవులు కాలిపోతున్నాయి. అరచేతిలో ముద్ద కరిగి నెయ్యి మణికట్టు దాకా కారుతోంది. ఎక్కడికైనా లేచి పోదామంటే తనిల్లే, పోవడానికి చోటు లేదు.

కామేశ్వరరావుగారు ముక్కు చీదుకున్నారు. ఆయనది మెత్తని మనసే. "బాధపడకు నర్సయ్యా. నియమం ప్రకారం ఆ పొలం ఇప్పుడు మా రణధీరుడిదవుతుంది కదా. నేను బాగా చూసుకుంటాను. నాది హామీ."

"సంతోషం సారు," అన్నాడు బాలనర్సయ్య. నిజంగానే సంతోషంగా అన్నాడు. "తూము తలుపు జర గట్టిగుంటది. ఎత్తేటప్పుడు మెల్లగ ఎత్తాలె."

యజ్ఞనారాయణ ఇక ఆగలేకపోయాడు. జేబులోంచి ట్రేసింగు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. "ఒక్క మాట. నేనో కొత్త నియమం రాశాను. సంజీవని ఆకు దొరికితే ఎనిమిది రోజుల్లో చచ్చినవాణ్ణి లేపొచ్చు. ఆ ఆకు కోట వెనకే ఉంది. నేను, అంటే ఈ వారమే..."

వీరలక్ష్మి టీచరు కాగితం అందుకుని చదివింది. "మాస్టారూ, ఆట మధ్యలో నియమం మార్చకూడదని మీరే రాశారు కదండీ. గోడ మీద తొమ్మిదోది."

"ఈ ఒక్కసారికి."

"వద్దు సారు," అన్నాడు బాలనర్సయ్య. మర్యాదగానే అన్నాడు, కానీ అందులో సందేహం లేదు. "మా కోసం గట్ల జెయ్యకుండ్రి. సచ్చినోడు రాడు. మీరే రాసిన్రు. ఒక్కల కోసం మారిస్తే ఇగ అది నియమం ఎట్లయితది? గప్పుడు గీ జాగ గూడ గా ఆఫీసుల లెక్కనే అయితది."

యజ్ఞనారాయణ గుమ్మం వైపు చూశాడు. పుణ్యవతి అతన్ని చూడటం లేదు. నేల మీద పడ్డ మలీద పలుకు ఏరుతోంది. వీపు తిప్పి నిలబడ్డా అంత బాధ ఉండేది కాదు.

"ఐదు పడ్డాయి," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"పోయినవారం. చేట వెనక ఐదు పడ్డాయి. బల్లెం ముందువాడికి తగలాలి. నేను రెండని అబద్ధం చెప్పాను. సాయన్న చావలేదు నర్సయ్యా. నేను చంపాను."

అనేశాక గుండె మీంచి రాయి దొర్లినట్టనిపించింది. ఒక్క నిమిషం, నిజంగా ఒక్క నిమిషం, గాలి హాయిగా ఆడింది.

ముందు తేరుకున్నది కామేశ్వరరావుగారు. "అంటే, చావాల్సింది రణధీరుడా?"

"అవునండి."

"నువ్వెందుకలా చెప్పావయ్యా?"

యజ్ఞనారాయణ జవాబు చెప్పనక్కర్లేకపోయింది. కామేశ్వరరావుగారి మొహంలో రంగు మారింది. రిపోర్టులు, ఖాళీ, ఆరేళ్లు, అన్నీ ఒక్కొక్కటిగా ఆయనకు తట్టడం మిగతా అందరూ చూస్తూనే ఉన్నారు.

"నేనడిగానా?" ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. "చెప్పు, నేనడిగానా? ఈ ఊళ్లో నన్ను సార్ అనకుండా ఓడించే చోటు ఇదొక్కటే అనుకుని వానలో గొడుగేసుకుని వస్తున్నానయ్యా, ఆదివారం ఆదివారం! నా రాజు గెలిచింది నా గెలుపనుకున్నాను. నువ్వు నాకు ముష్టి వేశావన్నమాట." రణధీరవర్మ పేరున్న అట్టముక్క తీసి, రెండుగా చించి పటం మీద పెట్టారు. "నీ రిపోర్టులో ఏం రాయాలో అదే రాస్తాను. ఇది కలపను. కలుపుతానని నువ్వు అనుకున్నావు చూడు, అదీ నాకు కష్టంగా ఉన్నది."

గొడుగు తీసుకుని లేచారు. కానీ పోలేదు. బాలనర్సయ్య ఏమంటాడో వినకుండా పోవడం ఆయనకూ చేతకాలేదు. గుమ్మం దగ్గర నిలబడిపోయారు.

బాలనర్సయ్య అరవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండునని యజ్ఞనారాయణ ఎదురు చూశాడు. నాలుగు తిట్టి, ఆనక సరేలే అంటాడని, సాయన్న లేచి కూర్చుంటాడని, పొలం మళ్లీ సాయన్నదవుతుందని, తప్పు ఒప్పుకున్న మనిషికి దొరికే కాస్త మర్యాద తనకూ దొరుకుతుందని లోలోపల ఆశపడ్డాడు.

బాలనర్సయ్య పటంలో చెరువు వైపు చూశాడు. తను చూపించిన చోట గీసిన తూము మీద వేలు పెట్టాడు. తర్వాత ఆ వేలు మెల్లగా పొలం మీదికి జరిగి, అక్కడ ఆగింది.

"సారు," అన్నాడు. "ఒక్కటి అడుగుత."

"అడుగు నర్సయ్యా."

"పోయిన ఐతారం ఐదు వడితే రెండన్నరు. గది సమజైంది. నౌకరి గురించి భయపడ్డరు. గట్ల మేము గూడ భయపడ్డోళ్లమే." అతని వేలు పొలం మీంచి కదల్లేదు. "మరి గా దినం? మూడు నెల్ల కింద, ఏడెకరాల దినం? ఐదు వడ్డయన్నరు. వడ్డయా?"

యజ్ఞనారాయణ చూపు చేట వెనక గవ్వల మీదికి పోయింది. దేవుడంతవాడినని పొంగిపోయిన ఆ రోజు, ఆ ఒక్క వెల్లకిల గవ్వ కళ్ల ముందు నిలిచింది. పడలేదంటే, నీలమ్మ కళ్లు తుడుచుకున్నది తను వేసిన ముష్టికి. గేటు దగ్గర రెండేళ్లు నిలబడ్డ ముసలాయన వైపు ఏ గవ్వా తిరగలేదు, ఒక డ్రాఫ్ట్స్‌మన్ జాలిపడ్డాడు, అంతే. పడ్డాయంటే, ఇదే బల్ల దగ్గర, ఇదే మనిషికి మూడో అబద్ధం. తీసుకున్న అబద్ధం కంటే ఇచ్చిన అబద్ధానికే ఎక్కువ సిగ్గుపడవలసి వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

పుణ్యవతి చటుక్కున తలెత్తింది. ఈ సంగతి ఆవిడకీ తెలియదు. భర్త మొహం చూడగానే తెలిసిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాలనర్సయ్య లేచాడు. ఇద్దరి మధ్యా మరచెంబుకు ఆనించి నిలబెట్టి ఉన్న చేటను రెండు చేతులతో, పొలంలో నారుకట్ట ఎత్తినంత జాగ్రత్తగా ఎత్తి, వెనక్కి తిరిగి గోడకు ఆనించాడు. బల్ల మీద ఆరు గవ్వలు బట్టబయలుగా మిగిలాయి.

"చేట తీసిన సారు," అన్నాడు. "ఇగ జెప్పుండ్రి. నేను ఇంటికి వోయి నీలమ్మకు జెప్పాలె. మా నాయినకు పొలమొచ్చెనా, రాలేదా?"